మెషీన్ ఉన్నా అమ్మ బకెట్ వదల్లేదు!

ఆదివారం పొద్దున్న ఐదున్నర. బాత్‌రూమ్‌లోంచి ‘టప్.. టప్’ మని చప్పుడు. నిద్రమత్తులో కుళాయి కారుతోందేమో అనుకున్నా. లేచి వెళ్లి చూస్తే అమ్మ! చిన్న పీట వేసుకుని కూర్చుని నాన్న పంచెకి సబ్బు రుద్దుతోంది. అటు బాల్కనీలో, ఇంకా నాలుగు ఈఎంఐలు కట్టాల్సిన వాషింగ్ మెషీన్ మీద తువ్వాలు కప్పి ఉంది. హాయిగా రెస్ట్ తీసుకుంటోంది.

‘‘అమ్మా, డాక్టర్ ఏం చెప్పారు?’’ అన్నాను.

‘‘బట్టలు పిండొద్దన్నారు. నేను పిండట్లేదు నాన్నా. నీళ్లు కారేలా అలాగే దండెం మీద వేసేస్తున్నా’’ అంది, తలెత్తకుండా.

నాన్న రిటైరయ్యాక ఇద్దరూ తెనాలి నుంచి హైదరాబాద్‌లో నా ఫ్లాట్‌కి వచ్చేశారు. అప్పటికే అమ్మకి కుడి మణికట్టు నొప్పి. రాత్రుళ్లు వేళ్లు తిమ్మిర్లెక్కి నిద్ర పట్టేది కాదు. మణికట్టు దగ్గర నరం మీద ఒత్తిడి పడుతోందని, గట్టిగా రుద్దడం, పిండడం మానేయమని డాక్టర్ చెప్పారు. అందుకే 7 కిలోల ఫ్రంట్ లోడ్ మెషీన్ కొన్నాను. కొన్నాను కాబట్టి సమస్య తీరిపోయిందనుకున్నాను. ఆఫీసు, కాల్స్, క్యాబ్.. ఈ గొడవలో అమ్మ ఎప్పుడు మళ్లీ బకెట్ దగ్గరికి వెళ్లిపోయిందో చూసుకోలేదు. నొప్పి మళ్లీ మొదలైందన్న సంగతి కూడా ఆ రోజే తెలిసింది.

ముందు కోపం వచ్చింది. తర్వాత ఒకటి గుర్తొచ్చింది. మా టీమ్‌లో ఎవరైనా యూజర్ యాప్ వాడటం మానేస్తే అతన్ని తిట్టం కదా! ఎందుకు మానేశాడో కనుక్కుంటాం. అమ్మని మాత్రం నేను ఎప్పుడూ అడగలేదు. అందుకే ఆ రోజు కాఫీ కలిపి తెచ్చి, ఎదురుగా కూర్చుని ‘‘అసలు ఈ మెషీన్‌తో నీకొచ్చిన ఇబ్బందులేంటో ఒక్కొక్కటీ చెప్పు’’ అన్నాను. ఫోన్‌లో నోట్స్ తెరిచాను. ఆరు ఫిర్యాదులు వచ్చాయి. ఇంజినీర్‌ని కదా, ఒక్కోటీ ఒక్కో టికెట్‌లా రాసుకున్నా. అవన్నీ సరిచేయడానికి నెల పట్టింది. మీ ఇంట్లోనూ ఇవే ఉంటాయేమో చూడండి.

అసలు బట్ట ఎలా శుభ్రమవుతుంది?

టికెట్లు విప్పేముందు చిన్న థియరీ. జర్మనీలో హెర్బర్ట్ సిన్నర్ అనే కెమిస్ట్ 1959లో ఒక సూత్రం చెప్పారు. శుభ్రం చేయడానికి నాలుగే కావాలి. సబ్బు లాంటి రసాయనం, రుద్దడం లాంటి కదలిక, వేడి, సమయం. వీటిలో ఒకటి తగ్గిస్తే మిగతావాటిలో ఏదో ఒకటి పెంచాల్సిందే.

అమ్మ చేతి ఉతుకుని దీనితో పోల్చి చూడండి. రాత్రి నానబెడుతుంది, అంటే సమయం ఎక్కువ. కాలర్లు, అంచులు విడిగా రుద్దుతుంది, అంటే కదలిక ఎక్కువ. పంచెలకి వేడినీళ్లు పోస్తుంది. నేనేం చేశాను? బట్టలన్నీ కుక్కేసి, చన్నీళ్లలో 15 నిమిషాల ‘క్విక్ వాష్’ పెట్టాను. వేడి లేదు, సమయం లేదు, బట్టలు కదలడానికి చోటు లేదు. ఆ లోటంతా పొడితో పూడ్చాలని చూశాను. మా ఇంట్లో సగం సమస్యలకి మూలం అదే.

టికెట్ 1: ‘‘నల్ల బట్టల మీద ముగ్గు వేసినట్టుంటోంది’’

నా నల్ల టీషర్టులు, అమ్మ ముదురు రంగు నైటీల మీద తెల్లటి చారలు. తువ్వాళ్లయితే అట్టముక్కల్లా బిగుసుకుపోయేవి.

మా అపార్ట్‌మెంట్‌లో వాడుకకి బోరు నీళ్లే. ఎండాకాలం అవీ చాలక ట్యాంకర్లు వస్తాయి. ‘‘ఈ నీళ్లలో పప్పే ఉడకదు, ఇక సబ్బేం నురగొస్తుంది’’ అని అమ్మ మొదటి వారమే అంది. అది సామెత కాదు, అచ్చమైన కెమిస్ట్రీ. ఇలాంటి నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. సబ్బులో కొంత భాగం మురికిని వదిలేసి వీటితోనే కలిసి తెల్లటి తెట్టు కడుతుంది. మన దేశంలో తాగునీటికి బీఐఎస్ పెట్టిన ప్రమాణం ప్రకారం లీటరుకి 200 మిల్లీగ్రాముల వరకు కాఠిన్యం ఉంటే పర్లేదు. వేరే దారి లేకపోతే 600 వరకు ఒప్పుకుంటారు. బోరు నీళ్లు ఆ గీత దాటడం పెద్ద వింతేం కాదు.

మీ నీళ్ల సంగతి తెలుసుకోవాలంటే ల్యాబ్ అక్కర్లేదు. ఖాళీ సీసాలో సగం వరకు మీ కుళాయి నీళ్లు, ఇంకో సీసాలో వాన నీళ్లో ఫిల్టర్ నీళ్లో పోయండి. రెండింటిలో బట్టల సబ్బు తురుము చిటికెడు వేసి బాగా కుదపండి. ఒకదాంట్లో నురగ నిలిచి, రెండోదాంట్లో నీళ్లు పాలలా తెల్లబడి నురగ చచ్చిపోతే మీవి గట్టి నీళ్లు.

కానీ అన్ని తెల్లచారలకీ నీళ్లనే తిట్టకూడదు. కరగకుండా మిగిలిన పొడి కూడా అలాగే కనిపిస్తుంది. తేడా ఎలా తెలుస్తుందంటే.. చార ఉన్న చోట ఉత్త నీళ్లతో తడిపి రుద్దండి. పోయిందా? అది పొడి. పోలేదా? నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లతో తుడవండి. అప్పుడు పోతే అది నీళ్లలోని ఉప్పు. నేను మూడు టీషర్టుల మీద చూశాను. రెండింటి మీద ఉత్త నీళ్లకే పోయింది. అంటే తప్పు బోరుది కాదు, నాది.

గట్టి నీళ్లకి డిటర్జెంట్ కాస్త ఎక్కువ కావాలన్నది నిజమే. అయితే నేను వేసేది ‘కాస్త’ కాదు, ప్యాకెట్‌తో వచ్చిన స్కూపుతో మూడు. ఇంట్లో ఇంకో పరీక్ష చేశాం. ఉతికి ఆరిన బట్టల్నే, చిటికెడు పొడి కూడా వేయకుండా మళ్లీ తిప్పాం. అద్దంలోంచి చూస్తే తెల్లగా నురగ! పాత ఉతుకుల్లో వేసిందంతా బట్టల్లోనే దాక్కుని ఉంది. నాన్న వచ్చి చూసి, ‘‘ఈ లెక్కన నెలరోజులు సబ్బు కొనక్కర్లేదురా’’ అన్నారు.

పొడి మానేసి ఫ్రంట్ లోడ్‌కి తయారైన లిక్విడ్‌కి మారాం. అందులో నురగ తక్కువ. టాప్ లోడ్ పొడిని ఫ్రంట్ లోడ్‌లో వాడితే నురగ నిండిపోయి, బట్టలు సరిగా జాడించడం కుదరదు. ఆ ప్యాకెట్ మీద ‘టాప్’, ‘ఫ్రంట్’ అని రాసేది అందుకే. కొలత మూత చూసి పోయడం మొదలుపెట్టాం. ‘ఎక్స్‌ట్రా రిన్స్’ బటన్ నొక్కుతున్నాం. తువ్వాళ్లు మెత్తబడటానికి రెండు వారాలు పట్టింది. వాటికి సాఫ్ట్‌నర్ కూడా మానేశాం. అది దారాల మీద జిడ్డు పొరలా పట్టుకుని, తువ్వాలు నీళ్లు పీల్చకుండా చేస్తుంది.

టికెట్ 2: ‘‘ఉతికిన బట్టలే కంపు కొడుతున్నాయి’’

ఇది అమ్మ చెప్పేదాకా నాకు తెలియదు. రోజూ అవే వేసుకునేవాళ్లకి ఆ చెమ్మ వాసన ముక్కుకి అలవాటైపోతుంది కాబోలు. ఆఫీసులో నా పక్కన కూర్చునేవాళ్లకి నా క్షమాపణలు!

కారణాలు రెండు. మొదటిది నా బద్ధకం. పొద్దున్న మెషీన్ వేసి ఆఫీసుకి వెళ్లిపోయి, రాత్రి వచ్చి తీసేవాణ్ని. అమ్మకి తడిబట్టల బరువు ఎత్తొద్దని నేనే చెప్పాను, అందుకని అవి అందులోనే ఉండేవి. మూసిన డ్రమ్, తడి, వెచ్చదనం.. బ్యాక్టీరియాకి ఇంతకన్నా మంచి హాస్టల్ దొరకదు. రెండోది మెషీన్‌లోనే ఉన్న మురికి. తలుపు చుట్టూ ఉండే రబ్బరు వలయాన్ని వేలితో మడిచి చూశాను. లోపల నల్లటి జిగురు, దారప్పోగులు, ఒక హెయిర్‌పిన్, నానిపోయిన మెట్రో రసీదు. ఎప్పుడూ చన్నీళ్లతోనే ఉతుకుతూ, సబ్బు ఎక్కువ వేస్తూ, తలుపు గట్టిగా మూసి ఉంచితే ఈ జిగురు తప్పదు.

ఇప్పుడు మేం పాటించే పద్ధతి ఇదీ. ఉతుకు అయిన అరగంటలో బట్టలు బయటికి తీయాలి. తీయలేమనుకుంటే ‘డిలే’ పెట్టి, మనం ఇంట్లో ఉండే టైమ్‌కి పూర్తయ్యేలా చూసుకోవాలి. తర్వాత రబ్బరు మడతలు పొడిగుడ్డతో తుడిచి, తలుపు నాలుగు వేళ్ల సందు ఉంచి తెరిచి పెట్టాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రం వాళ్లు లోపలికి దూరకుండా ఓ కన్నేసి ఉంచండి. సబ్బు పోసే సొరుగు బయటికి లాగి కడగాలి. నెలకోసారి బట్టల్లేకుండా వేడినీళ్లతో ‘డ్రమ్ క్లీన్’ తిప్పాలి. గట్టి నీళ్లుంటే మెషీన్లకి అమ్మే డీస్కేలింగ్ పొడి వేసి తిప్పితే లోపల పేరుకున్న ఉప్పు కూడా కరుగుతుంది.

ఒక్క హెచ్చరిక. ‘ఇదీ అదీ కలిపితే ఇంకా బాగా పోతుంది’ అని బ్లీచ్‌తో నిమ్మ ఉప్పు, వెనిగర్, బాత్‌రూమ్ యాసిడ్ లాంటివి ఎప్పుడూ కలపొద్దు. విషపూరితమైన క్లోరిన్ వాయువు వస్తుంది. గాలి ఆడని బాత్‌రూమ్‌లో అది ప్రాణం మీదికి తెస్తుంది.

టికెట్ 3: ‘‘మీ నాన్న పంచె గులాబీ రంగైంది’’

అమ్మ మెషీన్ మీద నమ్మకం పూర్తిగా పోయింది ఈ రోజే. ఆమెకి ఇష్టమైన మంగళగిరి చీర, కుంకుమ రంగు. చేనేత బట్ట అని విడిగా పెట్టింది. నేను చూసుకోకుండా ఆ మూటా ఈ మూటా కలిపి వేసేశాను. నాన్న పంచెలు రెండు, నా బనియన్లు నాలుగు గులాబీ రంగులోకి వచ్చాయి. చీరేమో వెలిసినట్టైంది. అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. మర్నాటి నుంచి చీరలు బకెట్‌లో ఉతుక్కోవడం మొదలుపెట్టింది, అంతే.

నేను చేసిన రెండో తప్పు, ఆ పంచెల్ని అలాగే ఎండలో ఆరేయడం. రంగు అంటుకున్న బట్ట తడిగా ఉన్నప్పుడే కొంత ఆశ ఉంటుంది. వెంటనే రంగు దిగిన బట్టని వేరుచేసి, మిగతావాటిని మళ్లీ ఉతకాలి. తెల్ల కాటన్ అయితే ఆక్సిజన్ బ్లీచ్‌లో కొన్ని గంటలు నానబెట్టి చూడొచ్చు. ఇది క్లోరిన్ బ్లీచ్ కాదు, రెండూ వేరు. క్లోరిన్ బ్లీచ్ పట్టు, ఉన్ని, సాగే బట్టల్ని పాడుచేస్తుంది. మా పంచెల్లో ఒకటి బాగైంది. రెండోది ఇల్లు తుడవడానికి పోయింది.

కొత్త బట్ట రంగు దిగుతుందో లేదో తెలుసుకునే పద్ధతి అమ్మే చూపించింది. అంచు దగ్గర ఓ మూల తడిపి, తెల్ల గుడ్డ మీద పెట్టి గట్టిగా నొక్కాలి. గుడ్డకి రంగు అంటిందంటే అది ఒంటరిగా ఉతకాల్సిన బట్ట. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు ఆగిపోతుందన్న మాట ప్రతి ఇంట్లోనూ వింటాం. దాన్నే నమ్ముకుని తెల్లబట్టలతో కలపొద్దు. సరిగా పట్టని రంగుని ఇంట్లో వేసిన ఉప్పు గట్టిగా పట్టించలేదు.

ఇప్పుడు బాల్కనీలో మూడు బుట్టలున్నాయి. తెల్లవి, ముదురు రంగులవి, ‘అమ్మని అడగాల్సినవి’. మూడో బుట్ట జోలికి నేను వెళ్లను.

టికెట్ 4: ‘‘పూనకం వచ్చినట్టు ఊగిపోతోంది’’

స్పిన్ మొదలవగానే మెషీన్ బాల్కనీలో జానెడు దూరం నడిచేది. అమ్మకి భయం. కింద ఫ్లోర్ ఆంటీ ఒకసారి వచ్చి, ‘‘మీ ఇంట్లో ఏమైనా పని జరుగుతోందా?’’ అని కూడా అడిగారు. పైగా ‘ఒక నిమిషమే మిగిలింది’ అని చూపించి పావుగంట తిరిగేది.

ఆ చివరి నిమిషం మెషీన్ అబద్ధం చెప్పడం కాదు. తడిబట్టలన్నీ ఒకవైపు చేరితే, వేగం పెంచేముందు వాటిని సర్దడానికి అటూ ఇటూ తిప్పి చూసుకుంటుంది. కుదరకపోతే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఒక్క దుప్పటినే వేసినప్పుడు ఇలా ఎక్కువ అవుతుంది. నీళ్లు తాగిన దుప్పటి ముద్దలా ఒక పక్కకి చేరుతుంది, బరువు సరిచేయడానికి రెండో వైపు ఏమీ ఉండదు. దానికి తోడు రెండు తువ్వాళ్లు వేయండి, సర్దుకుంటుంది. దుప్పటి కవర్లు, దిండు గలీబుల జిప్పులు పెట్టేసి వేయండి. లేదంటే చిన్న బట్టలన్నీ వాటిలోకి దూరి మూటలా తయారవుతాయి.

తర్వాత కాళ్లు. మెషీన్ పైన ఎదురెదురు మూలల మీద చేతులు పెట్టి నొక్కి చూడండి. కుంటి బల్లలా ఊగితే నాలుగు కాళ్లూ నేలకి ఆనలేదన్నమాట. ఫోన్‌లో లెవెల్ చూసే యాప్ ఉంటుంది, దాన్ని మెషీన్ మీద పెట్టి కాళ్లు తిప్పుతూ సరిచేసుకోవచ్చు. మా బాల్కనీ నేల నీళ్లు పోవడానికి వాలుగా కట్టారు. ఒక కాలు గాల్లోనే ఉంది! కొత్త మెషీనై ఉండి మొదటి రోజు నుంచే ఘోరంగా ఊగుతుంటే మాత్రం, ఫ్రంట్ లోడ్ వెనక ఉండే రవాణా బోల్టులు తీశారో లేదో చూడండి. దారిలో డ్రమ్ కదలకుండా బిగించేవి అవి. వాటిని తీయకుండా తిప్పితే మెషీన్ దెబ్బతింటుంది.

ఇంకో మాట. 7 కిలోలు అంటే పొడిబట్టల బరువు, అదీ పెద్ద కాటన్ ప్రోగ్రామ్‌కి. క్విక్ వాష్‌కి అందులో మూడో వంతు కూడా వేయకూడదు. లెక్క కష్టమైతే గుర్తు ఇది. బట్టలు వేశాక, వాటి పైన డ్రమ్‌లో మీ చెయ్యి సులువుగా పట్టాలి. పట్టకపోతే రెండు తీసేయండి.

టికెట్ 5: ‘‘ఆవకాయ మరక అలాగే ఉంది’’

మరకలన్నీ మెషీన్‌కి ఒకటే. మనకి మాత్రం కాదు. అమ్మ మరక చూడగానే అది ఏమిటో చెప్పేస్తుంది. నేను దాని వెనక కారణం వెతికాను. ఇద్దరం కలిసి ఒక పట్టిక తయారుచేశాం.

ఆవకాయ, పులిహోర, బజ్జీల నూనె: బట్ట తడపకముందే మరక మీద గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, పది నిమిషాలుంచి రుద్దాలి. తర్వాత మామూలుగా మెషీన్‌లోకి.

పసుపు: సబ్బు పెట్టగానే పసుపు మరక ఎర్రబడి ‘ఇంకా పాడైందే’ అనిపిస్తుంది. కంగారు పడొద్దు. పసుపులో ఉండే కర్కుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పసుపుకి సున్నం కలిపి కుంకుమ చేసేదీ ఈ గుణంతోనే. సబ్బు పోయేలా జాడించి, తడిగానే ఎండలో వేయండి. ఎండకి ఆ రంగు విరుగుతుంది. రెండు మూడు ఎండలకి చాలా వరకు పోతుంది. అమ్మ దీన్ని ‘సూర్యుడికి వదిలేయ్’ అంటుంది.

రక్తం: చన్నీళ్లే. వేడినీళ్లు పోశారంటే అందులోని ప్రొటీన్ గడ్డకట్టి దారాల్లో పట్టేసుకుంటుంది.

కాలర్, చంకల దగ్గర పసుపు చారలు: చెమట, శరీరపు నూనె, డియోడరెంట్ కలిసిన మరకలివి. లిక్విడ్ డిటర్జెంట్ రాసి అరగంట వదిలేసి, బట్ట తట్టుకునేదైతే గోరువెచ్చటి నీళ్లతో ఉతకాలి.

తుప్పు రంగు చుక్కలు: బోరు నీళ్లలో ఇనుము ఉంటే వస్తాయి. వీటిమీద బ్లీచ్ వేస్తే ఇంకా ముదురుతాయి. నిమ్మ ఉప్పు నీళ్లతో ప్రయత్నించి, బాగా జాడించాలి.

అన్నిటికీ కలిపి ఒక నియమం. మరక పోయిందని తేలేదాకా ఇస్త్రీ పెట్టొద్దు. వేడికి మరక మరింత పట్టుకుంటుంది.

టికెట్ 6: ‘‘మధ్యలో ఆగిపోతుంది, నువ్వు ఫోన్ ఎత్తవు’’

ఈ ఆఖరి ఫిర్యాదు మెషీన్ మీద కాదు, నా మీద. అమ్మకి మెషీన్ వాడటం కష్టం కాదు. అది మధ్యలో ఆగి, తెర మీద ఏవో రెండు ఇంగ్లిష్ అక్షరాలు చూపించి బీప్‌మంటే ఏం చేయాలో తెలియదు. సగం తడిసిన బట్టలు లోపల. తలుపు రాదు. కొడుకు మీటింగ్‌లో. ‘‘ఈ బాధ కన్నా బకెట్టే నయం’’ అనుకుంది. ఆ మాట విన్నాక నా నోట్స్‌లో రాయడానికి ఇంకేం లేకపోయింది.

మాన్యువల్ తీసి ఇద్దరం కూర్చున్నాం. చూస్తే రోజువారీ ఆగిపోవడాలకి కారణాలు నాలుగైదే. నీళ్లు రాకపోవడం: కుళాయి కట్టేసి ఉందా, ట్యాంకులో నీళ్లున్నాయా, పైపు మడత పడిందా చూడాలి. అన్నీ బాగున్నా ధార సన్నగా వస్తుంటే, కుళాయి కట్టి పైపు విప్పితే మెషీన్ వెనక చిన్న జల్లెడ కనిపిస్తుంది. బోరు ఇసుక అక్కడే చేరుతుంది. పాత బ్రష్‌తో రుద్ది కడిగితే చాలు.

నీళ్లు బయటికి పోకపోవడం: ఫ్రంట్ లోడ్‌కి కింద మూలన చిన్న మూత వెనక పంపు ఫిల్టర్ ఉంటుంది. ముందు ప్లగ్ తీసేయాలి. లోపల వేడినీళ్లుంటే చల్లారనివ్వాలి. పళ్లెం, పాతగుడ్డ పెట్టుకుని, పక్కనున్న సన్న గొట్టంలోంచి నీళ్లు వదిలి, అప్పుడు ఫిల్టర్ విప్పాలి. మా దాంట్లో రెండు రూపాయల బిళ్ల, ఒక పిన్నీసు, నాన్న మూడు నెలలుగా వెతుకుతున్న చొక్కా గుండీ దొరికాయి. అప్పటి నుంచి జేబులు చూసే డ్యూటీ నాన్నది.

తలుపు సరిగా పడకపోవడం: రబ్బరు దగ్గర బట్ట చిక్కుకుందేమో చూడాలి. ఇక కాలిన వాసన, షాక్ కొట్టినట్టు అనిపించడం, మెషీన్ కిందినుంచి నీళ్లు కారడం.. ఈ మూడింటిలో ఏది కనిపించినా స్విచ్ ఆపేసి మెకానిక్‌ని పిలవాలి. అక్కడ మన ఇంజినీరింగ్ పనికిరాదు. మెషీన్‌కి ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల సాకెట్టే వాడాలి, తడి చేత్తో ప్లగ్ ముట్టుకోకూడదు.

ఇదంతా తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి, మెషీన్ పక్క గోడకి అంటించాను. బటన్ల మీద చిన్న స్టిక్కర్లు వేశాను. ‘తెల్లవి’, ‘రంగువి’, ‘దుప్పట్లు’. అమ్మకి కావాల్సినవి ఆ మూడే. మిగతా పదకొండు ప్రోగ్రాములు నేనూ ఇంతవరకు వాడలేదు.

చీరల సంగతి?

నిజం చెప్పాలంటే కొన్ని బట్టలు మెషీన్‌కి వద్దు. పట్టుచీరలు, జరీ, అద్దాలు, పూసల పని ఉన్నవి డ్రైక్లీనింగ్‌కే. ఇంట్లో కట్టుకునే కాటన్, సింథటిక్ చీరలైతే మడతపెట్టి, వల సంచిలో వేసి, ‘డెలికేట్’లో తక్కువ స్పిన్‌తో ఉతకొచ్చు. అలా వేస్తే తాడులా పురి తిరగవు. జాకెట్ల హుక్కులు పెట్టేయాలి, లేకపోతే అవి చీర దారాల్ని లాగేస్తాయి. లంగాల బొందులు ముడివేయాలి. నల్లబట్టలకి తెల్ల నూగు అంటుకోకుండా తువ్వాళ్లు విడిగా వేయాలి, నల్లవి తిరగేసి వేయాలి. చేనేత చీరలు మాత్రం అమ్మ చేత్తోనే జాడిస్తుంది, వారానికి ఒకటి. పిండటం నా వంతు. ఆ సంగతిలో ఇద్దరం ఒప్పందానికొచ్చాం.

నెల తిరిగేసరికి అమ్మకి రాత్రుళ్లు తిమ్మిర్లు తగ్గాయి. పూర్తిగా పోయిందని చెప్పను, డాక్టర్ ఇచ్చిన పట్టీ ఇంకా కట్టుకుంటోంది. బకెట్ మాత్రం ఇంట్లోనే ఉంది. మెషీన్ చివరిసారి వదిలే నీళ్లు అందులో పడతాయి. ‘‘నురగుందో లేదో చూస్తా’’ అంటుంది అమ్మ. తేటగా ఉంటే ఆ నీళ్లతోనే బాల్కనీ కడుగుతుంది.

మొన్న బుధవారం క్లయింట్ కాల్‌లో ఉండగా ఫోన్ మోగింది. అమ్మ. ఈసారి మ్యూట్ పెట్టి ఎత్తాను.

‘‘నాన్నా, మెషీన్ ఆగి బీప్‌మంది..’’

‘‘అమ్మా, కంగారు పడకు. ముందు కుళాయి..’’

‘‘చూశాలే. మీ నాన్న మొక్కలకి నీళ్లు పోసి కుళాయి కట్టేశారు. తిప్పాను, తిరుగుతోంది. పాపం నీకు మళ్లీ టెన్షనెందుకని చెబుదామని చేశా. సాయంత్రం వచ్చేటప్పుడు ఆ లిక్విడ్ ఒకటి తీసుకురా. ఫ్రంట్‌దే, టాప్‌ది కాదు.’’